మృతుడి గడి

పల్నాడులోని పది చిన్న వార్తా వెబ్‌సైట్లకూ ఒకటే వార్తా నమూనా. నరసరావుపేటలో కూర్చుని దాన్ని చూసుకునేది నేనే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని గడులుంటాయి. విలేకరి వాటిని నింపితే వార్త పది చోట్లా వస్తుంది. మరణవార్తల్లో మృతుడి గడి మాత్రం ఎప్పుడూ ఖాళీయే. ఒక్క పేరు రాయడానికి ఇంత బద్ధకమా అని ఒళ్లు మండి, వార్తలో మొదట కనబడే పేరు దానంతటదే అందులో చేరేలా మొన్న మార్చాను.

ఈ ఉదయం కారంపూడి నాయకుడు సాంబశివరావు ఫోన్ చేశాడు.

"ఏందమ్మా సంజనా, పది సైట్లలో నన్ను చంపేశావంట! జనం దండలు పట్టుకుని ఇంటికొస్తన్నారు!"

వెంటనే ఆ వార్త తెరిచాను. క్వారీలో బండరాయి మీదపడి చనిపోయిన కార్మికుడి కుటుంబాన్ని ఆయన పరామర్శించాడు. వాడుక ప్రకారం నాయకుడి పేరుతోనే వార్త మొదలైంది.

ఆయన పేరు తీసేసి, అసలు పేరు కోసం వెతికాను. ఆయన వెంట వెళ్లిన పద్నాలుగు మంది పేర్లున్నాయి. చనిపోయినవాడి పేరు లేదు.

వార్త పంపిన విలేకరి మహేష్‌కి ఫోన్ చేసి అరిచాను. "చనిపోయినోడి పేరేందిరా?"

"తెలీదక్కా," అన్నాడు. "ఆ గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేది అందుకేగా."