టికెట్టు మీద కనబడని పది గంటలు

“ఎంతసేపు పడుతుంది?” అని భర్త అడిగినప్పుడు ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. జవాబు కోసం ఆగకుండా విమానం వేళలు ఫోనులో చూసి తనే తేల్చేశాడు. “పొద్దున్న పదికి ఎక్కితే సాయంత్రం నాలుగుకి దిగుతావు. ఆరు గంటలే. బస్సులో పోయినట్టుంటుంది.”

ఆమె పనిచేసేది విమాన టికెట్లు అమ్మే ఆఫీసులో. ఎక్కే వేళ ఈ ఊరి గడియారానిది, దిగే వేళ ఆ ఊరి గడియారానిది అని రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటుంది. పద్నాలుగు వేల కిలోమీటర్లు, పదహారు గంటలు. పది గంటలు అతని లెక్కలోంచి జారిపోయాయి. దిద్దబోయి, ఇంకో చొక్కా అందుకుంది. అతని లెక్కలెప్పుడూ అంతే. సింకు నిండా గిన్నెలు చూస్తూ వెళ్లి పడుకుంటాడు, తెల్లారి తోమిన కప్పులో కాఫీ తాగుతాడు. మధ్యలో ఏమీ జరగలేదు.

ఎంతోమందిని విమానం ఎక్కించింది గానీ తను ఎక్కడం ఇదే మొదలు. అక్కడ ఆడపడుచు పురిటికి ఇంకో రెండు వారాలుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. “మా కోడలుందిగా” అని ఫోనులో మాట ఇచ్చేశాక కోడలికి చెప్పారు. “వెళ్లిరా తల్లీ, నీకూ గాలి మార్పు. దిగగానే పడుకోకు, ముందు దానికి కాస్త వండిపెట్టు.” గాలి మార్పట, ఈ వంటింట్లోంచి ఆ వంటింట్లోకి.

మర్నాడు ఆఫీసులో తన టికెట్టు తనే తీయడానికి కూర్చుంది. అలా కంప్యూటరు తెర చూస్తూ చూస్తూ ఊహలోనే మబ్బుల మీదికి వెళ్లిపోయింది. కూర్చున్న చోటికే అన్నం వస్తుంది. తిన్న పళ్లెం ఎవరో తీసుకుపోతారు. కింద నుంచి ఎవరి పిలుపూ అందదు. సూర్యుడి వెంటే పడి పోతుంటే సాయంత్రం ఎంతకీ కాదు, సాయంత్రం కాకపోతే రాత్రి వంట లేదు. ఆ ఎండలో ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు, కిటికీ పక్కన కూర్చున్న మనిషి. హాయిగా నవ్వొచ్చింది. అంతలోనే, అంత దూరమూ పోయి దిగేది పొయ్యి ముందే కదా అనిపించి ఏడుపొచ్చింది.

తెర మీద ఇంకో దారి కూడా ఉంది. మధ్యలో ఏదో సముద్రం ఒడ్డు ఊళ్లో దించి, హోటల్ గది ఇచ్చి, మర్నాడు ఎక్కిస్తారు. “రోజంతా పడిగాపులా? వద్దమ్మా” అని కొనేవాళ్లు అంటారని ఆ దారి ఎవరికీ చూపించదు. ఈసారి చెయ్యి అక్కడే ఆగింది. పరిచయం లేని వీధులు, తను ఉతకక్కర్లేని తెల్లదుప్పటి, ఎవరికీ చెప్పక్కర్లేని ఒక మధ్యాహ్నం. ఆ దారికే తన పేరు టైపు కొట్టింది.

ఇంటికొచ్చాక టికెట్టు చూసి భర్త మొహం చిట్లించాడు. “ఇదేంటి, నీకు ఆ ఊళ్లో ఏం పని? నేరుగా పోయేదాంట్లో సీట్లు లేవా?”

‘అయిపోయాయండీ’ అనే మాట ఉద్యోగం నేర్పినదే, నాలుక చివరికి వచ్చింది కూడా. మింగేసింది.

“బోలెడున్నాయి” అంది.