ఎడమవైపు వెనక తలుపు

అయినా తలుపులోకి నీళ్లు రాకుండా ఎవడూ ఆపలేడు, ఈ సంగతి కార్లున్న వాళ్లకే తెలియదు, అద్దం పక్కనుంచి వాన లోపలికి దిగుతూనే ఉంటుంది, దిగిన నీళ్లు అడుగున ఉన్న బెజ్జాల్లోంచి కారిపోవాలి, లోపలి అట్టను తడపకూడదు, అందుకని రెంటికీ నడుమ ఒక తారు కాగితం, ఇంతకన్నా ఈ పనిలో బ్రహ్మవిద్యేమీ లేదు, పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను, మూడు తలుపులు అయిపోయాయి, ఇది నాలుగోది, కావాలనే దీన్ని ఆఖరికి ఉంచాను, ఈలోగా ఏదో ఒకటి అడ్డం పడకపోతుందా అని, ఏదీ పడలేదు, ఆత్మకూరు ఎండ రేకుల షెడ్డు మీద దిగింది, తారు మెత్తబడి వేళ్లకు అంటుకుంటోంది, బయట బల్ల మీద జనార్దనయ్య శెట్టి గొడుగు కర్ర నేలకేసి కొడుతున్నాడు, ఈ నల్ల కారు ఆయనదే, అయిదేళ్ల తర్వాత మళ్లీ రోడ్డెక్కించాలని బాగు చేయిస్తున్నాడు, ఉదయగిరిలో టోకు కిరాణా అంగడి ఆయనదే, ఏంరా పిచ్చయ్యా, ఇంకా ఎంతసేపురా అంటున్నాడు, అయిపోయిందయ్యా, ఒక్క తలుపే ఉండాది అంటున్నాను.

బిన్నా కానీరా, బస్సు ఓనరు నారాయణయ్య పన్నెండు దాకానే ఆఫీసులో ఉంటాడంట, ఆయన చెవిలో ఒక మాట ఎయ్యాల, నా కారు తోలిన ఆ ఓబులయ్యను బస్సుకు డ్రైవరుగా పెట్టుకుంటాడంట, ఆడమనిషిని నీళ్లలో వదిలేసి పరిగెత్తినోడి చేతికి నలభై ప్రాణాలు ఇస్తాడా, నేను బతికుండగా కానిస్తానా, అంటూ శెట్టి తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు, ఊ అన్నాను, ఊ అనడం నాకు బాగా అలవాటు, ఈ అయిదేళ్లలో ఓబులయ్య పేరు ఎత్తిన ప్రతిసారీ ఊ అనే ఉంటాను, స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది, తీయాలి, ముందు లోపలి పిడి ఊడదీయాలి, ఊడదీసే ముందు ఒకసారి తిప్పి చూద్దామని తిప్పాను, అది గిర్రున తిరిగింది, ఎక్కడా పట్టలేదు, తలుపులో ఏదీ కదల్లేదు, అప్పుడు వినిపించింది, మెల్లగా, అద్దం మీద వేలి కణుపుతో కొట్టిన చప్పుడు, మూడుసార్లు, నాకు తెలుసు అది రేకు ఎండకు సాగే చప్పుడని, తెలిసినా వెనక సీటు వైపు చూడలేదు, చూస్తే అక్కడ రామలక్ష్మమ్మగారు తడిసిన చీరతో కూర్చుని ఉంటుందని భయం, పట్టపగలు, పదకొండు గంటలప్పుడు, నలభై ఏళ్ల మగవాడికి భయం.

ఆమె శెట్టి భార్య, మహాతల్లి, పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో ఈ తలుపుల పని నేను ఉదయగిరిలో వాళ్ల ఇంటి ముందరే చేశాను, పెద్ద చెంబునిండా మజ్జిగ పంపించింది, తర్వాత తనే వచ్చి నిలబడి, అబ్బాయ్, ఈ తలుపు తియ్యడం నాకు ఎప్పుడూ రాదు, ఓబులయ్యే వచ్చి తియ్యాల, ఒక తూరి చూపించు అని అడిగింది, పిడి పట్టుకుని కిందికి తిప్పితే చాలమ్మా, అంతే అని చూపించాను, రెండుసార్లు తిప్పించాను, చిన్నపిల్లలా నవ్వింది, ఓస్ ఇంతేనా అంది, యుద్ధం అయిపోయి మూడేళ్లయినా తారు కాగితం ఎక్కడా దొరకలేదు అప్పట్లో, మద్రాసుకు రాస్తే లేదన్నారు, శెట్టి గోడౌనులోంచి రెండు ఖాళీ గోనెసంచులు తెచ్చి పడేసి, వీటికి తారు పూసి కొట్టరా అన్నాడు, ఒకటి ధనియాల సంచి, ఒకటి ఉప్పు సంచి, మూడు తలుపులకు ధనియాల సంచే కోశాను, నాలుగింటికీ సరిపోయేది, కొంచెం అతుకులు వేసుకుంటే, కానీ ఆ సంచి కొత్తది, ఒత్తుగా ఉంది, ఎంత మంచి వాసన, ఇంట్లో నా పెళ్లాం చెంచమ్మ పడుకోవడానికి పరుపు కుట్టుకుంటాను, గోనె తెమ్మని ఆరు నెలలుగా అడుగుతోంది, అందుకని మిగిలిన ముక్క దాచాను, ఈ నాలుగో తలుపుకు ఉప్పు సంచి కోశాను, కడగాలని తెలుసు, చెరువుదాకా పోయి నానబెట్టి ఉతికి ఎండబెడితే ఒక పూట, ఒక్క పూట, పైన తారు పూస్తున్నాం కదా, ఉప్పు ఏం చేస్తుందిలే అనుకున్నాను.

ఏం చేస్తుందో ఇప్పుడు అట్ట ఊడదీస్తే కనిపించింది, సంచి బొగ్గులా నల్లగా తలుపుకు అంటుకుపోయి ఉంది, తారు ఒలిచి వచ్చింది, నార ముద్దయింది, ముట్టుకుంటే చెమ్మ, అయిదేళ్లుగా గోడౌనులో కదలకుండా పడున్న కారులో, ఈ ఎండల్లో కూడా చెమ్మ, ఉప్పు గాల్లోంచి నీళ్లు లాక్కుంటుంది, ఉప్పు జాడీ మూత తీసి పెడితే ఏమవుతుందో ప్రతి ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు, నాకు తెలియదా, వేలితో ఆ ముద్దను పక్కకు తోశాను, పిడి నుంచి గొళ్లానికి పోయే కడ్డీ ఉండాలి అక్కడ, ఉంది, సగం, మిగతా సగం తుప్పు పొడి అయి అడుగున రాలింది, బెజ్జాలు కూడా దానితోనే పూడిపోయాయి, అద్దం దించే పళ్లచక్రం బిగుసుకుని ఒకే ఇనుప ముద్ద అయింది, ఇది ఒక్క ఏడాది పని కాదు, యాభై ఒకటి కార్తీకంలో ఆ వాన కురిసేనాటికే అయిపోయి ఉంటుంది, ఆ రోజు ఆమె పిడి కిందికి తిప్పి ఉంటుంది, నేను చూపించినట్టే, కిందికి, మళ్లీ కిందికి.

ఆ రోజు ఆమెకు విషజ్వరం, ఓబులయ్య ఒక్కడే ఆమెను ఎక్కించుకుని నెల్లూరు ఆసుపత్రికి బయలుదేరాడు, శెట్టి చేజర్లలో సరుకు దగ్గర ఉన్నాడు, ఆత్మకూరు ఇంకా రాకముందే ఒక వాగులో ఇంజను ఆగిపోయింది, మోకాటి లోతు నీళ్లు, అమ్మా దిగండి అన్నాడు వాడు, వద్దు ఓబులయ్యా, ఈ జ్వరానికి వానలో నిలబడలేను, నువ్వు పోయి మనుషుల్ని పిలుచుకునిరా, నీళ్లు పెరిగితే నేనే దిగతాలే, తలుపు తియ్యడం నాకు వచ్చుగదా అనిందంట, యజమాని భార్యను చెయ్యి పట్టి ఎట్లా దించుతాడు వాడు, పరిగెత్తాడు, గొర్రెల దొడ్డి నుంచి ఇద్దరిని, ఒక తాడును తెచ్చేలోపల కారు పక్కకు ఒరిగి నీళ్లు కిటికీ దాటాయి, అటు తలుపును వరద తొక్కిపట్టింది, ఇటు తలుపు ఇది, జ్వరంతో ఉన్న మనిషి ముందు సీటు మీదికి ఎక్కలేకపోయింది, లోపలే ప్రాణం పోయింది, అంతే జరిగింది, కానీ ఊరు దాన్ని ఇంకో రకంగా చెప్పుకుంది, డ్రైవరు ప్రాణభయంతో పారిపోయాడని, దిగమన్నాననడం కట్టుకథ అని, దిగమంటే దిగదా ఏంది అని.

మూడో రోజు అంగడి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు, ఓబులయ్య తలవంచుకుని నిలబడ్డాడు, శెట్టి ఏడ్చి ఏడ్చి వాచిన ముఖంతో నన్ను పిలిచి, పిచ్చయ్యా, నువ్వు చేసిన తలుపే గదా, అదేమన్నా చెడిందేమో అందరి ముందూ చూడరా అన్నాడు, ఆయన న్యాయంగానే అడిగాడు, వాగులోంచి లాక్కొచ్చి పెట్టిన కారు దగ్గరికి పోయి బయటి పిడి తిప్పాను, తలుపు వచ్చింది, అందరూ చూశారు, లోపలి పిడి మీదికి నా చెయ్యి పోలేదు, పోనివ్వలేదు, అబద్ధం ఆడలేదు, నోరు తెరవనేలేదు, తలుపు బాగానే ఉండాది అని ఎవరో అన్నారు, ఊ అన్నాను, ఓబులయ్య తలెత్తి నా వైపు ఒక్కసారి చూశాడు, కోపంగా కాదు, తన మీద తనకే నమ్మకం పోయినట్టు, ఆ ఒక్క ఊ వాడి చేతిలోంచి స్టీరింగు లాగేసింది, ఇప్పుడు కలువాయి అవతల అత్తగారి గొర్రెలు కాసుకుంటున్నాడు.

ఏంరా, నిద్రపోయినావా అంటున్నాడు శెట్టి, లేదయ్యా, కాగితం కోస్తున్నాను, కోస్తున్నాను కూడా, మద్రాసు తారు కాగితం, అసలు సిసలు సరుకు, కొత్త కడ్డీ వేసి, ఈ కాగితం అంటించి, అట్ట బిగిస్తే పావుగంట, ఆ తర్వాత ఈ తలుపు లోపల ఏముండేదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు, చెబితే ఏమవుతుంది, ఈ షెడ్డుకు ఇంకెవడూ బండి తేడు, చెంచమ్మ, ఆ పరుపు మీదే పడుకుంటున్న చెంచమ్మ, ఏమనుకుంటుంది, శెట్టికి చెప్పడమంటే ఆ సంచి నీ గోడౌనుదే అయ్యా అని చెప్పడం కూడా, ఆ ముసలాయన గుండె పగలదా, పగులుతుంది కాబట్టి చెప్పకూడదు, చూశావా ఎంత దయగలవాణ్నో, ఛీ, ఆయన రెండు సంచులు తెచ్చాడు, ఎంచుకున్నది నేను.

పోయిన నెల అనంతసాగరం సంతలో ఓబులయ్య పెళ్లాం మాలకొండమ్మ కనిపించింది, తప్పించుకుని పోదామనుకున్నాను, అన్నా అని పిలిచింది, పిల్లల గురించి అడిగాను, ఇంకేం అడగాలో తెలియక ఆయన ఎట్లా ఉన్నాడు అన్నాను, ఏం చెప్పేదన్నా, అన్నం ముందర కూర్చుని చెయ్యి ఆపేస్తాడు, అమ్మగారు ఎందుకు దిగలేదే అంటాడు, నేను దిగమన్నానా, లేక అన్నాననుకుంటున్నానా అని నన్ను అడగతాడన్నా, ఆయన నోట్లోనుంచి వచ్చిన మాట ఆయనకే అనుమానమైపోయింది, అంది, ఎండలో ఆమె ముఖం కమిలిపోయి ఉంది, ఊ అన్నాను, అక్కడ కూడా ఊ అన్నాను.

ఇన్నాళ్లూ చచ్చిపోయిన మనిషి నన్ను వెంటాడుతోందనుకున్నాను, ఆ తల్లి నన్నేమీ అడగలేదు, ఆమెకు నాతో పనేముంది, అడుగుతున్నవాడు బతికే ఉన్నాడు, కంచం ముందు కూర్చుని అయిదేళ్లుగా ఒక్కటే ప్రశ్న అడుగుతున్నాడు, ఊరందరినీ, పెళ్లాన్ని, తనను తాను, దానికి జవాబు ఈ భూమ్మీద ఒక్కడి దగ్గరే ఉంది, ఆ ఒక్కడు ఇక్కడ కాగితం కోస్తున్నాడు, కత్తెర కింద పెట్టాను, శెట్టి లేచాడు, చెప్పులు వేసుకుంటున్నాడు, నువ్వు కానీరా, నేను నారాయణయ్య దగ్గరికి పోయి వస్తా అంటున్నాడు, మళ్లీ ఆ ఊ గొంతుదాకా వచ్చింది, దాన్ని మింగేసి, తుప్పు పట్టిన ఆ కడ్డీ ముక్కను చేతిలో పట్టుకుని ఎండలోకి వచ్చాను, శెట్టిగారూ, పోబాకండి, అమ్మగారు ఎందుకు దిగలేదో నాకు తెలుసు.