వామనుని మెట్టు

శరత్కాలపు టెండ ముదురు తేనెవలె గవాక్షములనుండి జారి కాకినాడ పురమున సూరమ్మగారి చావడిలో ముగ్గులు దీర్చిన నేలపై బరచుకొనియున్న యా నవరాత్రారంభదినమున ప్రాతఃకాలముననే మొదలైన తగవు మధ్యాహ్నము తిరిగినను చల్లారకుండెను. ధవళవస్త్రాచ్ఛాదితములగు తొమ్మిది మెట్లయెదుట నా వృద్ధురాలు నడుమున చేతులుంచుకొని నిలిచియుండ ఆమె కనిష్ఠపుత్రుడును జర్మనీదేశమున జీవశాస్త్రము నభ్యసించి రెండేండ్లక్రిందట మరలివచ్చి కళాశాలలో నుపన్యాసకుడై యున్నవాడును నగు చిదంబరము బొమ్మలకొలువును తన శాస్త్రానుసారముగ దిద్దుచుండెను. అడుగుమెట్టున మత్స్యకూర్మవరాహములును వానిపై కోతులును ఆపై మూటలుమోయు కూలివారును ఆపై వర్తకులును పండితులును నిలువ తరతరములుగ సీతారాములు కొలువుండిన శిఖరమున తాను జర్మనీనుండి తెచ్చిన నీలనేత్రపు పింగాణిసిపాయి తుపాకి భుజమున నిడుకొని నిలిచియుండెను.

“రాముణ్ణి దింపి దొరబొమ్మను ఎక్కిస్తావేవిట్రా? వాడికి నైవేద్యం ఏం పెట్టమంటావు, కోడిగుడ్డా?”

“అమ్మా, దశావతారాలు చెప్పేదీ ఇదే. చేప, తాబేలు, పంది, ఆపైన మనిషి. తక్కువ ప్రాణి మీద ఎక్కువ ప్రాణి. మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు.”

“మరి వామనుణ్ణి బుట్టలో పడేశావేం?”

“వాడు పొట్టివాడు. పైగా గొడుగు విరిగింది. లోపమున్నవి కొలువులో ఉండకూడదు.”

“ఆ పొట్టివాడే మూడడుగుల్లో లోకాలన్నీ కొలిచాడురా, అప్రాచ్యపు వెధవా!”

పెద్దకోడలు మాణిక్యాంబ నవ్వబోయి నవ్వలేకపోయెను. ఆమె కూతురును పుట్టుచెవిటియు నగు ఎనిమిదేండ్ల భ్రమరాంబ చేయి విరిగిన గొల్లభామయు మెడ బీటవారిన శెట్టియు నడ్డముగ బడియున్న యా బుట్టవంక చాలసేపు చూచి తన చెవిని వ్రేలితో దాకి తల్లి ముఖమువంక చూచెను. తల్లి యా వ్రేలిని చెవినుండి దీసి తన పిడికిట నుంచుకొనెను. చిదంబర మది గమనింపక పిల్ల యరచేత పెప్పర్మెంటుబిళ్ళ నుంచి జుట్టు నిమిరెను. అతడు ప్రతిదినము నట్లే నిమురును.

కదలుచున్న మెట్టుక్రింద మడచిపెట్టుటకు దళసరికాగితము దెమ్మని యత్తగారు పురమాయింప మాణిక్యాంబ మరిది గదిలోనికి బోయి చుట్టియున్న యొక పెద్దకాగితమును విప్పెను. అది వారి వంశవృక్షము. పురుషులకు చతురస్రములును స్త్రీలకు వలయములును గీచి పేరులు వ్రాయబడియుండెను. భ్రమరాంబ వలయము సాంతముగ నల్లసిరాతో నింపబడియుండెను. దానిపైనున్న తన వలయము సగము నలుపు. అడుగున గ్రుచ్చియున్న పత్రమున మదరాసునందలి నా తమ్ముని వైద్యమిత్రుడు విజయదశమి పిదప చేయు శస్త్రచికిత్సచే నీ బాలిక యెన్నటికిని తల్లి కాకుండుటకు తండ్రినగు నేను సమ్మతించితినని తెలుగున వ్రాసియుండెను. దానిక్రింద తన భర్త విశ్వపతి చేవ్రాలు.

ఆమె కాగితమును మరల చుట్టెను. వెలుపలినుండి వచ్చు నాపదకు తలుపు వేసికొనవచ్చును గాని తన చేతి యన్నము తినుచు తన బిడ్డకు మిఠాయి లిచ్చుచు నింటిలోనే పెరిగిన యీ యాపదకు వేయదగిన తలు పెక్కడనున్నది?

కాగితముతో చావడికి వచ్చిన వదినెను జూచి కొలువునొద్ద నొంటరిగ నున్న చిదంబరము కోపింపలేదు.

“భయపడకండి వదినా. నొప్పి తెలీదు. మీకేం చెయ్యరు లెండి, మీరు మోస్తున్నారంతే.”

“ఏం మోస్తున్నాను?”

“లోపాన్ని. జాతి అంటే ఒకే శరీరం వదినా. అడవిలో బలంలేనివి వాటంతటవే పోతాయి. మనం జాలిపడి బతికించి శరీరమంతా కుళ్ళబెడుతున్నాం. జర్మనీలో దీనికి చట్టమే చేశారు. అక్కడి కుర్రాళ్ళు వరసలు తీరి నడుస్తుంటే చూడాలి మీరు. ఒక్కడు వంకరగా ఉండడు!”

“వంకరవాళ్ళు ఏమయ్యారు?”

చిదంబరము పింగాణిసిపాయి తుపాకిని సవరించెను. “వాళ్ళ సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది.”

“వాన కురవడం కూడా ప్రకృతే. అందుకని పిల్ల మీద కప్పు పీకుతామా చిదంబరం? రోజూ బియ్యం చెరిగేదాన్ని నేను. చేట పట్టుకున్నవాణ్ణి చెరిగేదెవరు?”

“తల్లి కనుక అలా అంటారు,” అని యతడు చిరునవ్వు నవ్వెను.

ప్రాణు లే తీరున మారుచు వచ్చెనో చెప్పిన శాస్త్రమును మానవులలో నెవ్వ రుండవలయునో యెవ్వరు పోవలయునో విధించు శాసనముగ జదివికొన్నవాని చిరునవ్వది. కోపమైనచో చల్లారును. సందేహమైనచో వెనుకకు దిరుగును. ఆ దయార్ద్రమైన చిరునవ్వున సందేహలేశము లేమి జూచియే మాణిక్యాంబ వాదము మానెను.

సాయంకాలము కొలువు కూర్చుండెను. పేరంటాండ్రు వాయనములతో వెడలిరి. కచ్చేరినుండి వచ్చిన విశ్వపతి భార్య ముఖము జూచినవెంటనే తలవంచుకొనెను. ఎవ్వరును చూడని సమయమున భ్రమరాంబ వామనుని బుట్టనుండి తీసి శిఖరమున సిపాయి ప్రక్కను నిలిపియుండెను. చిదంబరము దానిని దీయ చేయి చాచగా సూరమ్మ యా చేతిపై నొక్కటి వేసెను.

“కొలువు కూర్చున్న బొమ్మను కదపకూడదు. నీ శాస్త్రంలో లేదేమో, నా శాస్త్రంలో ఉంది.”

మాణిక్యాంబ హారతి వెలిగించెను. గవాక్షపు గాలికి జ్వాల వడకెను. జ్వాల వడకుటచే పింగాణిసిపాయి నీడ గోడపై మనుష్యప్రమాణమునకు మించి పెరిగి యందఱి తలలపై నూగెను. ఆమె దానినే చూచుచు గొంతెత్తకయే చెప్పెను.

“రేపు పొద్దుటి బండికి నేనూ పిల్లా వెళుతున్నాం. దక్షిణాన చెవిటిపిల్లలకు చదువు చెప్పే బడి ఉంది. తల్లి వచ్చి వంట చేసిపెడితే ఇద్దరినీ ఉండనిస్తామని నిరుడు నేనడిగితే వాళ్ళు రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. ఏవండీ, ఆ సంతకం మీ చేత్తో మీరు చించేదాకా మాకోసం రాకండి.”

భ్రమరాంబ తల్లి పెదవుల కదలికను తుదవరకు జూచి మెల్లగ లేచి లోనికి బోయి దండెముపైని తన పరికిణీని దీసి మడతపెట్ట నారంభించెను.