మలుపు లేని చోట బ్రేకు

గురువారం పొద్దున పది గంటలకు ఆయిల్ కంపెనీ మేడమ్ ఫోన్ చేసి నాకు ఆరు గంటలు గడువిచ్చింది.

"సాయంత్రం నాలుగింటికి మీ రేసర్ మా షోరూమ్‌లో ఉండాలి. సోమవారం ఫొటోలకి రాలేదు. మంగళవారం డీలర్ల మీటింగుకి రాలేదు. సరైన కారణం లేకుండా మూడోసారి ఎగ్గొడితే ఒప్పందం రద్దు. సంతకం పెట్టింది మీరే."

"జ్వరం మేడమ్."

"సోమవారం కడుపునొప్పన్నారు."

"రెండూ ఉన్నాయి."

"అయితే డాక్టరు ఉత్తరం పంపండి, నాకేం అభ్యంతరం లేదు. ఉత్తరం లేదంటారా, మనిషిని పంపండి. ఆదివారం రేసుకి ఫిట్‌గా ఉన్నానని అక్కడే సంతకం కూడా పెట్టాలి."

జ్వరం లేదు, కడుపునొప్పీ లేదు. అసలు మనిషే లేడు. ఆదివారం రాత్రి నుంచి మా బావమరిది ఎక్కడున్నాడో నాకు తెలియదు.

బైకు రేసులు చూసేవాళ్ళంతా అతన్ని పాదరసం అంటారు. మలుపులో బైకుతో పాటు ఒరిగిపోయి, పట్టుకునేలోపే జారిపోతాడని ఆ పేరు. నేను అతని అక్క మొగుణ్ణి, టీమ్ మేనేజర్ని. టీమంటే పెద్దగా ఊహించుకోకండి. తొమ్మిది మంది మనుషులు, ఇద్దరు రేసర్లు, రెండు బైకులు, ఒక షెడ్డు. అన్నిటిమీదా ఆ ఆయిల్ కంపెనీ పేరే. ఆ పేరు చెరిపేస్తే షెడ్డుకి తాళం పడుతుంది.

నాకు మొదట అనుమానం వచ్చింది అవతలి టీమ్ మేనేజర్ మీద. నిరుడంతా మావాడి చుట్టూ తిరిగాడు. ఫోన్ కలిపి సూటిగానే అడిగాను.

"మావాణ్ణి లాగేశావా?"

"ఉన్నవాళ్ళకే బైకులు చాలక చస్తున్నాను. ఏం, తప్పిపోయాడా?"

"ఛ, ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే గొంతు కాదే అది!"

పెట్టేశాను. అబద్ధమాడితే అతను నవ్వుతాడు. ఈసారి నవ్వలేదు. అతని దగ్గర లేడు.

పాదరసం అద్దెకుండే మూడో అంతస్తు గదికి నా దగ్గరో తాళంచెవి ఉంది. తలుపు తీసేసరికి లోపల చీకటి. పరదాలు వేసి ఉన్నాయి. వాటి వెనక కిటికీ అద్దాలకి పాత పేపర్లు కూడా అంటించాడు. రేసు సూటు కొక్కేనికి వేలాడుతోంది. సెల్‌ఫోన్ బల్ల మీదే ఉంది, చచ్చిపోయి. పక్కన ముప్పై దాకా తెల్లకాగితాలు.

ప్రతి కాగితం మీదా ఒకటే బొమ్మ. మేం ఆదివారం పోటీ చేయాల్సిన ట్రాక్. దానికి పద్నాలుగు మలుపులు. ప్రతి మలుపుకీ నంబరు వేశాడు. మొదటి కాగితంలో పద్నాలుగూ ఉన్నాయి. మధ్యలో ఒకదాంట్లో పదమూడు. అన్నిటికన్నా పైనున్న దాంట్లో తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయాడు. అక్కడ పెన్ను ఎంత గట్టిగా నొక్కాడో, కాగితం చిరిగింది.

ఏడేళ్ళుగా నడుపుతున్న ట్రాక్ అది. కళ్ళకి గంతలు కట్టినా గీస్తాడు.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని షెడ్డుకి పోనిచ్చాను. మా హెడ్ మెకానిక్‌ని అందరం పెద్దాయన అంటాం. అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా సగమే చెబుతాడు. నన్ను చూడగానే లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. అంటే, నేనొస్తానని కాచుకుని ఉన్నాడన్నమాట.

రేసు బైకు అన్నీ రాసుకుంటుంది. ఎక్కడ గేరు మార్చాడు, ఎక్కడ బ్రేకు నొక్కాడు, ఎంత గట్టిగా నొక్కాడు, అన్నీ గీతలుగా తెర మీద కనిపిస్తాయి. పెద్దాయన నల్లటి వేలుతో ఒక గీత చూపించాడు.

"శనివారం ప్రాక్టీసు. రెండు రౌండ్లలో ఇక్కడ బ్రేకేశాడు. ఇక్కడేముంది?"

చూశాను. "ఏమీ లేదు. తిన్నటి రోడ్డు."

"అవును. మలుపు ఇంకా చాలా దూరం. బ్రేకు సెన్సర్ చెడిపోయిందేమోనని బైకు మొత్తం విప్పాను."

"ఏం దొరికింది?"

"బైకుకేం రోగం లేదు" అన్నాడాయన. ఇంకేమీ అనలేదు. చెప్పాల్సిన సగం అదే.

మూడు వారాల కింద పాదరసం పడ్డాడు. పెద్ద పడటమేం కాదు. జారాడు, దొర్లాడు, లేచి జనానికి చెయ్యి ఊపాడు. హెల్మెట్ మాత్రం చెవి దగ్గర పగిలింది. మర్నాడు రేసర్లని చూసే డాక్టరమ్మ తల పరీక్ష చేసి, నడపొచ్చు అని రాసిచ్చింది. ఆ కాగితం నా ఫైల్లోనే ఉంది. అందుకే ఆ సంగతి అక్కడితో వదిలేశాను. నిజం చెప్పాలంటే, వదిలేయడం నాకు హాయిగా ఉంది.

ఒంటి గంటకి చొక్కా మార్చుకోవడానికి ఇంటికెళ్ళాను. మా ఆవిడ కంచం పెట్టింది.

"నాలుగు ముద్దలు తినెళ్ళండి. మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో."

"టైము లేదు."

"తినడానికి పది నిమిషాలు. తినకుండా తిరిగితే ఎక్కడో పడిపోతారు, అప్పుడు గంట."

కూర్చున్నాను. రెండో ముద్ద నోట్లో ఉండగా తట్టింది. సోమవారం నుంచి నాకు కనిపించిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడిగాడు. టైర్లవాడు అడిగాడు, మేడమ్ అడిగింది, షెడ్డు ఊడ్చే ముసలావిడ కూడా అడిగింది. పాదరసం ఎక్కడ? అమ్మ పోయాక అతన్ని చేతుల మీద పెంచిన అక్క మాత్రం అడగలేదు. కూర మళ్ళీ వడ్డిస్తోంది.

"మీ తమ్ముడెక్కడ?"

"నన్నడుగుతారేంటండీ?"

"నువ్వు నన్ను అడగలేదు గనక."

గరిటె గిన్నెలో పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"షాపు వెనక గదిలో."

మా ఆవిడది లాండ్రీ షాపు, ఇంటికి రెండు వీధుల అవతల. పన్నెండేళ్ళలో ఆ వెనక గదిలోకి నేను రెండుసార్లు వెళ్ళుంటాను. దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు.

ఇద్దరం వెళ్ళేసరికి గదిలో లైటు లేదు. గుట్టలుగా ఉతికిన బట్టల మధ్య పీట మీద కూర్చుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పాదరసం చొక్కాలు మడుస్తున్నాడు.

"రా బావా. చొక్కాలిచ్చి పో. రేపు సాయంత్రానికి రెడీ."

"పళ్ళు రాలగొడతాను."

"అది పక్కవీధి డాక్టరు పని. మేం బట్టలవరకే."

నవ్వాను, కోపం దిగిపోయింది. అతనితో వచ్చిన చిక్కే అది.

"వీడి చేతికి చీటీలివ్వడం మానేశాను" అంది మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి. "నిన్న ఇరవై మూడో నంబరు మూట ముప్పై రెండో నంబరాయనకి ఇచ్చి పంపాడు. ఆయన తిరిగొచ్చి, అమ్మా, ఈ లంగాలు నావి కావు అన్నాడు."

"ఆయనకి బాగానే ఉండేవి" అన్నాడు పాదరసం. ఆ మాటంటూనే కణత నొక్కుకున్నాడు.

నేను వచ్చిన పని చెప్పాను. నాలుగు గంటలు, షోరూమ్, ఒక సంతకం. రాకపోతే షెడ్డు లేదు, పెద్దాయన లేడు, ఎవరూ లేరు. ఉన్నదున్నట్టు చెప్పాను. గొంతులో బతిమాలడం కూడా ఉందేమో.

పాదరసం చేతిలో చొక్కా పక్కన పెట్టి లేచాడు. "సరే, పద."

"కూర్చో" అంది అక్క.

"నలభై నిమిషాల పనే కదక్కా. నవ్వుతాను, చెయ్యి ఊపుతాను."

"ట్యూబ్‌లైటు వేస్తే వాంతి చేసుకుంటున్నావు. అక్కడ దీపాలు ఎన్నుంటాయి? సంతకం పెట్టాక ఆదివారం ఎవరు నడుపుతారు?"

అతను నా వైపు చూశాడు. నల్లద్దాల వెనక కళ్ళు కనిపించలేదు.

"నా గదిలో ఉంటే నువ్వొస్తావు బావా. వచ్చి రమ్మంటే నేనొచ్చేస్తాను. నీ మాట కాదనడం నాకు చేతకాదు. అందుకే ఇక్కడికొచ్చాను."



"ఒకటి నాకర్థం కావట్లేదు" అంది మా ఆవిడ. "పడిన మర్నాడు డాక్టరు పరీక్ష చేసింది కదా. ఇలా ఉన్నవాడు ఎలా పాసయ్యాడు?"

ఇక్కడ ఆ పరీక్ష సంగతి చెప్పాలి. సీజన్ మొదలవకముందే ప్రతి రేసర్‌కీ తల బాగున్నప్పుడు ఒకసారి పెడతారు. డాక్టరు పది మాటలు చదువుతుంది, తిరిగి చెప్పాలి. అంకెలు వెనక నుంచి చెప్పాలి. ఒంటికాలి మీద నిలబడాలి. ఆ మార్కులు రాసి దాచుతారు. తలకి దెబ్బ తగిలాక అదే పరీక్ష మళ్ళీ. మార్కులు తగ్గితే బైకెక్కనివ్వరు. తగ్గకపోతే ఎక్కొచ్చు. అందుకని రేసర్లు ఒక తెలివితక్కువ తెలివి కనిపెట్టారు. మొదటిసారే కావాలని తప్పులు చెబుతారు. మొదట్లో ఆరే వస్తే, దెబ్బ తగిలాక వచ్చే ఆరు కూడా పాసే.

పాదరసం ఇదంతా అక్కకి రెండు ముక్కల్లో చెప్పాడు.

"ఆ బుద్ధి ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదక్కా. అందరూ చేసేదే."

అబద్ధం. నా కోసం ఆడుతున్నాడు. సీజన్ మొదట్లో పరీక్ష గది బయట అతని భుజం మీద చెయ్యి వేసి, "మరీ ఫస్టు ర్యాంకు తెచ్చుకోకు, పదికి ఆరు చాలు" అన్నది నేను. నవ్వుతూనే అన్నాను. అతను నవ్వుతూనే లోపలికెళ్ళాడు. ఇప్పుడు డాక్టరు దగ్గర నోరు విప్పితే నా పేరు చెప్పాల్సి వస్తుంది. అది తెలిసే నాలుగు రోజులుగా చీకట్లో చొక్కాలు మడుస్తున్నాడు.

నేనలా కాసేపు నోరు మూసుకుంటే చాలు. ఆ మాట మా ఇద్దరితోనే ఉండిపోతుంది.

"నేను చెప్పాను" అన్నాను.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు నా మొహం చూసింది, చొక్కా మీద మరక ఏమిటో, దేనితో పోతుందో చూసే చూపు అది.

"నాకు కాదు చెప్పాల్సింది" అంది.

రెండున్నరకి డాక్టరమ్మ క్లినిక్‌లో ఉన్నాం. ఆవిడ పాదరసాన్ని లోపలి గదిలో ముప్పావుగంట ఉంచుకుంది. తర్వాత నన్ను పిలిచింది. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"ఈ మొదటిది దొంగలెక్క అని అతను ఒప్పుకున్నాడు. ఎవరు చెప్పారంటే మాత్రం చెప్పడం లేదు."

"నేనండీ."

"మీరు మేనేజర్."

"అవునండీ."

"అతని అక్క మొగుడు కూడా."

ఆవిడ ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందుకి తోసింది.

"మీ చేతిరాతతో రాయండి. ఇది రేసు కమిటీకి వెళ్తుంది. మీ లైసెన్సు కనీసం ఒక సీజన్ పోతుంది, నేను ఆపలేను. ఆపగలిగినా ఆపను. శనివారం రెండుసార్లు బ్రేకేశాడట మలుపు లేని చోట. అదృష్టవంతులు మీరు. మలుపున్న చోట బ్రేకు వేయడం మరిచిపోయుంటే?"

రాశాను. ఐదు వాక్యాలే. ఆ ఐదు రాయడానికి పావుగంట పట్టింది.

అతనికి ఈ సీజన్ లేదని తేల్చేసింది. పూర్తి విశ్రాంతి, చీకటి గది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అంది. ఆ తర్వాత నడుపుతాడా అని అడిగాను. మూడు నెలల తర్వాత అడగండి అంది.

బయటికొచ్చి మేడమ్‌కి ఫోన్ చేశాను. జ్వరం నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఉత్తరం వస్తుందా?"

"వస్తుంది. అందులో నా పేరు కూడా ఉంటుంది."

"అయితే అతని మీద మాకేం లేదు. మిమ్మల్ని మార్చమని మాత్రం అడగాల్సి వస్తుంది."

"పెద్దాయన ఉన్నాడు. మాటలు తక్కువ, మనిషి నికరం."

"ఈ సంగతి సోమవారమే చెప్పొచ్చుగా?"

"సోమవారం నాకు తెలియదు మేడమ్. తెలుసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను."

ఆవిడ చిన్నగా నిట్టూర్చింది. "నాలుగింటికి డీలర్లు వస్తారు. వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి."

మా ఆవిడ తమ్ముణ్ణి ఆటోలో ఎక్కించుకుని ఇంటికెళ్ళింది. నేను షోరూమ్‌కి వెళ్ళాను. నలభై మంది డీలర్లు, మధ్యలో కొత్త రంగులేసిన బైకు మీద ముసుగు. మైకు తీసుకుని, మా రేసర్ తలకి దెబ్బ తగిలిందనీ, నా మాట విని అది దాచాల్సి వచ్చిందనీ చెప్పాను. హాల్లో గుసగుసలు లేచాయి. బైకు చూడ్డానికొచ్చిన అవతలి టీముల రేసర్లు ఇద్దరు వెనక వరసలో తలలు దించుకోవడం కనిపించింది.

ముందు వరసలో ఒక లావుపాటి డీలరు చెయ్యెత్తాడు. "ఆదివారం ఎవరు నడుపుతారు మరి?"

"మా రెండో రేసర్. ఒక్క బైకే దిగుతుంది."

"మీరు?"

"నేను టికెట్టు కొనుక్కుని లోపలికి రావాలి."

ఎవరో నవ్వారు. మేడమ్ ముసుగు తీసింది, చప్పట్లు కొట్టారు, కెమెరాలు మెరిశాయి. నేను మైకు బల్ల మీద పెట్టి పక్కకి జరిగాను. జేబులో ఫోన్ మోగింది. మా ఆవిడ. మధ్యాహ్నం నుంచి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

"పడుకున్నాడు. మన పడగ్గదిలో పక్క వేశాను, వెలుగెక్కువగా వస్తోంది. వచ్చేటప్పుడు నల్లరంగు దట్టమైన గుడ్డ తెండి, రెండు కిటికీలకీ సరిపడా."

"ఎంత తేవాలి?"

"ఆరు మీటర్లు. కొలిచాను."

ఆ లావుపాటి డీలర్‌ని ఆపి, దగ్గర్లో బట్టల కొట్టు ఎక్కడుందని అడిగాను.