వెర్నా అతికిన ఓడ

పొద్దున్నే చంకలో తిండిడబ్బాతో వెర్నా లిండ్‌క్విస్ట్ పోర్ట్‌లాండ్ రేవులో అడుగుపెట్టేసరికి, ఆమె వెల్డింగు చేసిన సరుకుల ఓడ మెల్లగా ఆమె వైపు ఒరిగేది, దూడను చూసిన ఆవులాగా. పైన రంగులేసేవాళ్లు తాళ్లు పట్టుకుని వేలాడేవాళ్లు.

"అమ్మాయ్, చుట్టూ తిరిగి వెనకనించి రమ్మన్నానా లేదా? రంగంతా ఒలికిపోతోంది," అనేవాడు మేస్త్రీ హాస్కిన్స్.

"నాకు కాదు, దానికి చెప్పండి," అనేది వెర్నా.

యుద్ధం నడిచినన్నాళ్లూ ఆడవాళ్లూ రండి, దేశానికి మీ చేతులు కావాలంటూ గోడగోడకీ బొమ్మలు అంటించారు. మగవాళ్లు తిరిగొచ్చాక వాటి మీదే కొత్త రకం పొయ్యిల బొమ్మలు వెలిశాయి. తోటి ఆడవాళ్లందర్నీ ఇళ్లకు పంపేశారు. ఓడ ఆమె మాట వింటుందని వెర్నాను మాత్రం ఉంచుకున్నారు.

ఆమె మొగుడు ఆర్విడ్ యుద్ధం నించి వణికే చేతులతో వచ్చాడు. చలికాలమంతా ఆమే చెంచాతో సూపు తాగించింది, ఆమే గడ్డం గీసింది. ఆ సంగతి వీధిలో ఒక్కరికీ తెలియనివ్వలేదు. ఎండలు వచ్చేసరికి అతని చేతులు కుదురుకున్నాయి.

ఓ శనివారం హాస్కిన్స్ ఆమె మొహంలోకి చూడకుండా అన్నాడు. "సోమవారం నించి రావద్దులే. నీ చోట్లో ఇంకొకణ్ణి పెట్టాం."

"నేనేం తప్పు చేశాను?"

"తప్పేముంది? నువ్వే మానేస్తానన్నావటగా. ఒళ్లు అలిసిపోయింది, చెప్పడానికి మొహమాటపడుతోందని మీ ఆయనే వచ్చి చెప్పాడు."

ఇంటికెళ్లేసరికి ఆర్విడ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. తొక్క ఎక్కడా తెగకుండా పొడుగ్గా వస్తోంది.

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే ఒప్పుకునేదానివా? పెళ్లాం బూట్లేసుకుని సంపాదిస్తుంటే మొగుడు కూర్చుని తింటున్నాడని బార్లో నవ్వుతున్నారు. నీ మంచికే చేశాను."

"నవ్వుకోడానికి అంతకన్నా మంచి సంగతే నా దగ్గరుండేది. నేనెవరికీ చెప్పలేదు."

అతను కత్తి కింద పెట్టాడు.

ఓడ బయల్దేరే రోజున లాగుడు పడవలు ఎంత గుంజినా అది కదలలేదు. వెర్నా వాళ్ల వీధి వైపు ఒరిగి అలాగే మొరాయించింది. మధ్యాహ్నానికి ముసలి కెప్టెన్ టోపీ చేత్తో పట్టుకుని తలుపు తట్టాడు.

"అమ్మా, ఓడలో వెల్డింగు పనికి మనిషి కావాలి. హొనొలులు దాకా, ఆ పైన కూడా."

"ఆవిడ రాదండీ," అన్నాడు ఆర్విడ్ లోపల్నించి.

"చూశావా, నా మాట మళ్లీ నువ్వే చెప్తున్నావ్," అంది వెర్నా, బూట్లు తొడుక్కుంటూ.

ఆమె ఎక్కగానే ఓడ నిటారుగా నిలబడి, లాగుడు పడవ వెనకాల బుద్ధిగా నది దిగువకి సాగింది. ఇక ఏ పక్కకీ ఒరగలేదు. వెర్నా మాత్రం తమ వీధి వైపే ఒరిగి కూర్చుంది, ఆఖరి ఇంటి కప్పు మలుపు చాటుకి వెళ్లేదాకా.