ఆమె పేరు మీద ఎండ

“ఓటీపీ వచ్చిందా?” అని ముందు గదిలోంచి భర్త కేక వేసేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా అంట్ల నురగలో ఉన్నాయి. ప్రతి నెలా ఒకటో తారీకున ఆ కేక వినపడుతుంది. ఆమె చెయ్యి తుడుచుకుని, ఫోను చూసి, ఆరంకెలూ గట్టిగా చదవాలి. దాంతో తమ సోలార్ ప్లాంటు ఆ నెల ఎంత కరెంటు తీసిందో ప్రభుత్వానికి ఆమె ప్రమాణపూర్వకంగా చెప్పినట్టు లెక్క. ఏం చెప్పిందో మాత్రం అతను ఆమెకు చూపించేవాడు కాదు. “తడి చేతులతో కంప్యూటర్ దగ్గరికి రాకు” అనేవాడు.

ఇంటి వెనకాల రాళ్ళ నేలలో నిలబెట్టిన ఆ ప్లాంటు కాగితాల మీద ఆమెది. ఆడవాళ్ళ పేరు మీదైతే అనుమతి తొందరగా వస్తుందని ఎవరో చెబితే, మామగారు ఆమెను ఆఫీసుకు తీసుకెళ్ళి, చూపించిన చోటల్లా సంతకం చేయించారు. “నీ అదృష్టం అమ్మా, ఓనరమ్మవైపోయావు” అన్నారు. ఓనరమ్మ ఆ వారం నుంచే పొడుగాటి కర్రకు రబ్బరు బద్ద తగిలించి సోలార్ పలకలు కడగడం మొదలుపెట్టింది. పొద్దున్నే మీటరు దగ్గరికి వెళ్ళి అంకె చూసి గీతల పుస్తకంలో రాయడమూ ఆమె పనే. పలకల కింద మొలిచే గడ్డి పీకడమూ ఆమె పనే. భర్త విజిటింగ్ కార్డు మీద మాత్రం మేనేజింగ్ డైరెక్టర్ అని ఉంటుంది. ఆ సంస్థలో అతను మేనేజ్ చెయ్యాల్సిన మనిషి ఆమె ఒక్కతే. పాముల భయంతో అతను ఆ పలకల మధ్య అడుగుపెట్టింది రిబ్బను కత్తిరించిన రోజు ఒక్కటే. అయినా నలుగురు చేరిన చోటల్లా భూగోళాన్ని తనే భుజాన మోస్తున్నట్టు మాట్లాడతాడు. బాత్‌రూంలో అతను వదిలేసి వచ్చిన లైటు ఆర్పుతూ, ‘ఈ పెద్దమనిషా భూమిని కాపాడేది’ అనుకునేది ఆమె.

రూల్సు పుస్తకం కూడా ఆమె పేరుతోనే పోస్టులో వచ్చింది. “అల్మరా అరల్లో పరుచుకో” అని అతను దాన్ని ఆమె ఒళ్ళోకి విసిరాడు. ఆమె పరుచుకోలేదు, చదువుకుంది. కరెంటు అమ్మే కంపెనీలు ఏటా తాము అమ్మినదాంట్లో ఇంత వంతు ఎండ నుంచో గాలి నుంచో వచ్చిందని సర్టిఫికెట్లు చూపించి తీరాలి. చూపించకపోతే జరిమానా. వాళ్ళు ఆ సర్టిఫికెట్లు కొనేది ఇలాంటి ప్లాంట్ల దగ్గరే. వెయ్యి యూనిట్లు తీస్తే ఒక సర్టిఫికెట్. తీయని కరెంటుకు సర్టిఫికెట్ పుట్టిస్తే జవాబు చెప్పాల్సింది రిజిస్టరైన ఉత్పత్తిదారు. ఆ వాక్యం దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. ఉత్పత్తిదారు అంటే తనే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఈ ఇంట్లో కూర మాడితే తప్ప ఆమెను జవాబు అడిగిన వాళ్ళు లేరు.

పోయిన వానాకాలంలో పిడుగు పడింది. పలకల నుంచి వచ్చే కరెంటును లైన్లోకి పంపే ఇన్వర్టర్ పెట్టెలు నాలుగుంటే, రెండు మాడిపోయాయి. ఆమె పరుగున వచ్చి చెప్పింది. “బాగు చేయిద్దాంలే” అన్నాడు. నెలలు గడిచాయి, చేయించలేదు. పుస్తకంలో అంకెలు సగానికి పడిపోయాయి. ఒకటో తారీకు కేక మాత్రం మామూలుగానే వినపడింది.

ఒకసారి గుమ్మంలో నిలబడి అడిగింది. “ఈ నెల ఎన్ని యూనిట్లని వేశారు?”

“ఎప్పుడూ వేసేవే.”

“రెండు పెట్టెలు ఆగిపోయాయి కదండీ. అన్ని యూనిట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?”

“నువ్వు చూసేది మీటరు, నేను చూసేది వ్యాపారం. ఓటీపీ చెప్పు.”

చెప్పింది. ఆ తర్వాతా ప్రతి నెలా చెప్పింది. అతన్ని చూస్తే కలిగే ఏవగింపులో తనకూ కొంత వాటా ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఏడాది చివర, ఆ సర్టిఫికెట్లు కొన్న కంపెనీ వాటిని తను చూపించాల్సిన వంతు కింద చూపించింది. పై అధికారులు వాటిని కరెంటాఫీసు లైను మీటరు అంకెలతో సరిచూస్తే లెక్క కుదరలేదు. ఆమె పేరున నోటీసు వచ్చింది. శుక్రవారం ఉదయం తనిఖీ, ఉత్పత్తిదారు స్వయంగా హాజరు కావాలి.

మామగారు వకీలు దగ్గర ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగా చేశారు. గురువారం మధ్యాహ్నం కొడుకును అధికారిలా కుర్చీలో కూర్చోబెట్టి, కోడలిని ఎదురుగా నిలబెట్టారు.

“ఏమడిగినా నాకేం తెలీదండీ అను. అని వాడి వైపు చూడు. తల దించు. ఇంకాస్త దించమ్మా. ఆఁ, అదీ! తెలిసి చేసినవాళ్ళని శిక్షిస్తారు గానీ, ఏమీ తెలీని ఆడదాన్ని ఏం చేస్తారు? ఓ హెచ్చరిక రాసిచ్చి పోతారు. ప్లాంటు మనకు మిగుల్తుంది. రేపు వెలిసిపోయిన బట్టలేవైనా వేసుకో.”

ఆమె తల దించుకుని, భర్త వైపు చూసి, “నాకేం తెలీదండీ” అంది.

“భలే చేసిందిరా!” అన్నారు మామగారు.

“చెయ్యడానికేముంది నాన్నా? మా మాలోకం ఎప్పుడూ ఇంతేగా” అన్నాడు భర్త. ఇద్దరూ నవ్వారు.

ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఆ కుర్చీలో మనిషి ఉన్నట్టు అనిపించాలి. తొడ మీద టీ కప్పు పెట్టుకుని, దాన్ని కూడా ఆమే తీస్తుందని ఎదురుచూస్తూ, అధికారి గొంతు పెట్టి మాట్లాడుతున్న ఒక బొజ్జ కనిపించింది, అంతే. ఈ బొజ్జకు భయపడా ఇన్నాళ్ళూ తను అంకెలు చదివింది?

శుక్రవారం వచ్చిన అధికారి ఆడమనిషే. ఇంచుమించు కోడలి ఈడే ఉంటుంది. కూర్చోమంటే కూర్చోకుండా నేరుగా వెనక్కి నడిచి, మాడిన పెట్టెలు చూసి, మీటరు ఫొటో తీసుకుంది. భర్త గొడుగు పట్టుకుని గడ్డి మొదలయ్యే దాకా వెళ్ళి ఆగిపోయాడు. తర్వాత అందరూ ముందు గదిలోకి వచ్చారు.

“రోజూ రీడింగ్ ఎవరు తీస్తారమ్మా?”

“మేమే చూసుకుంటామండీ” అన్నాడు భర్త.

“నేనడిగింది ఆవిణ్ణి.”

“నేనేనండీ” అందామె.

“వానాకాలం నుంచీ మీ పేరుతో ప్రకటించిన యూనిట్లు నిజం కావు. ఆ సంగతి మీకు తెలుసా?”

“వంటింటి మనిషి, దానికేం తెలుస్తుందండీ” అన్నాడు భర్త నవ్వుతూ.

అధికారి అతని వైపు చూడలేదు. “ఆలోచించుకుని చెప్పండమ్మా. తెలియక జరిగితే హెచ్చరికతో పోతుంది. తెలిసి చేస్తే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, జరిమానా పడుతుంది. మీ పేరు మీద ఇంక ప్లాంటు ఉండదు.” ఆ గొంతులో జాలి ఉంది. మాట్లాడుతూనే కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. ఎదురుగా నిలబడ్డ ఆమె, తనకు తలకిందులుగా కనపడుతున్న అక్షరాలను కూడబలుక్కుని చదివింది. ‘ఈ విషయం నాకు తెలియ’ దాకా వచ్చింది కలం.

ఎంత సులువు! తల దించుకుంటే చాలు. ప్లాంటు మిగులుతుంది. పలకలు కడగొచ్చు, గడ్డి పీకొచ్చు. ఈ గదిలో ఇద్దరు మగవాళ్ళు తమ తెలివికి తామే మురిసిపోతూ బతికినంత కాలం చెప్పుకుంటారు, మా మాలోకం ఎంత బాగా చేసిందో అని. చదువుకున్న ఈ ఆడమనిషి కూడా, పాపం అనుకుంటూ, అదే మాట రాసుకుపోతుంది. తను నేరం చేసిందని రాస్తే ఆమెకు బాధ లేదు, చేసింది కాబట్టి. తెలివి లేదని రాస్తేనే ఒప్పుకోలేకపోయింది.

లోపలికి వెళ్ళి గీతల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఈ అంకెలు నావి మేడం, రోజూ నేను చూసి రాసినవి. ఫారంలో వేసిన అంకెలు ఆయనవి. అవి అబద్ధమని తెలిసీ ఓటీపీ చెప్పింది నేను.”

“దీనికి మతి పోయింది!” అని భర్త లేచాడు.

“అమ్మా, నిన్న నేనేం చెప్పాను నీకు?” అన్నారు మామగారు ఉండబట్టలేక.

అధికారి తల తిప్పింది. “ఏం చెప్పారు?”

మామగారు నోరు మూసుకున్నారు. ఆమె ఆ ఇంటికి వచ్చాక అది చూడటం ఇదే మొదటిసారి.

అధికారి కలం కాగితం మీదే ఆగి ఉంది. “ఒకసారి రాశాక మార్చడానికి ఉండదమ్మా. మీ పేరు పోతుంది.”

“పోనివ్వండి” అందామె. “ఆ ‘తెలియ’ కొట్టేసి, తెలుసు అని రాయండి.”