కోరండుడు తలుపు తీసిన వారం

నేను ఒక పుస్తకాన్నా, కాదా? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. అవుననడానికి నాకు అట్ట ఉంది, కుట్టు ఉంది, వెన్ను మీద చేత్తో రాసిన పేరుంది: ‘జలమంత్ర దుర్గం’. కాదనడానికి కారణాలు అంతకంటే ఎక్కువ. నన్ను ఏ ప్రచురణకర్తా అచ్చు వేయలేదు. ఏ దుకాణంలోనూ నేను అమ్ముడుపోలేదు. ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చిన నవల కాగితాలను వారం వారం చింపి, దాచి, ఒకచోట కుట్టగా ఏర్పడినదాన్ని నేను.

అందువల్ల నా పుటలకు ఒకవైపు రాకుమారి హేమంతి సుడిగుండంలో పడవ నడుపుతుంటే, రెండోవైపు ఎవరో ఇల్లాలు దొండకాయ పచ్చడి చేసే పద్ధతి చెబుతూ ఉంటుంది. యుద్ధం మధ్యలో పళ్ళపొడి ప్రకటన. ఒక వీరమరణం వెనుక పాఠకుల ప్రశ్నలు, సంపాదకుడి వెటకారపు జవాబులు. నా ఒంట్లో సగం నాది కాదు. మొదట్లో ఇది నాకు చిన్నతనంగా ఉండేది. మనుషుల మధ్య మెలగిన కొద్దీ ఆ బాధ తగ్గింది. తమ జీవితమని వాళ్ళు చెప్పుకునేదాంట్లోనూ సగం ఇతరులదే కదా.

నన్ను పోగుచేసినవాళ్ళు ఇద్దరు. నరసాపురంలో ఒక ఇంటి ఆడపిల్ల మందాకిని అప్పుడు హైస్కూల్లో చదువుతోంది. రాజరత్నం ఆమె వదిన, అన్న భార్య. కొత్తగా కాపురానికి వచ్చింది. వయసులో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఆ ఇంట్లో పత్రిక చదవడానికి ఒక వరుస ఉండేది. మొదట అన్నగారు రాజకీయాలు చూడాలి. తరువాత తల్లి వారఫలాలు చూసుకుని, ఆ వారం తనకు ధననష్టం ఉందో లేదో తేల్చుకోవాలి. ఆ పైన పత్రిక వంటింటి వైపుకు వచ్చేది. ఒకరు చదివేదాకా మరొకరు ఆగలేరు గనుక వదిన పైకి చదివేది, మందాకిని వింటూ బొమ్మలు వేసేది. మాంత్రికుడి మాటలకు వదిన గొంతు బొంగురు చేసేది. హేమంతి ఏడిస్తే ఆమె కూడా కొంచెం ఏడ్చి, ముక్కు చీది, మళ్ళీ అందుకునేది. కొత్త సంచిక వచ్చాక పాతదాంట్లోంచి నా కాగితాలు చింపి పెట్టె అడుగున దాచేవారు.

కథలో వారిద్దరికీ ఇష్టమైనవాడు రాకుమారుడు కాదు. నదీగర్భంలోని కోటకు కావలి కాసే కోరండుడు. అతని కుడిచెయ్యి రాయి. మందాకిని ఆ చేతిని ఎన్నిసార్లు గీసిందో చెప్పలేను.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైలు ఆగిపోయింది. ఒక సంచిక నరసాపురం చేరనే లేదు. అంతకుముందు వారం కథ ఇలా ఆగింది: శత్రుసేన కోటను ముట్టడించింది, ప్రాణం పోయినా తలుపు తీయవద్దని హేమంతి ఆజ్ఞాపించింది, కోరండుడు గడియ మీద చెయ్యి వేశాడు. సశేషం. ఆ తరువాత దొరికిన సంచికలో తలుపు తెరిచి ఉంది, కోట ఖాళీగా ఉంది, హేమంతి పడవలో ఉంది. కోరండుడు లేడు. అతని పేరైనా మరి ఎక్కడా రాలేదు. ఆ సంచిక కోసం ఎందరిని అడిగినా దొరకలేదు. నన్ను కుట్టిన బైండరు మస్తాను, ఎప్పటికైనా దొరికితే అంటించుకోవచ్చని చెప్పి, ఆ చోట తెల్ల కాగితాలు పెట్టాడు.

ఆ తెల్ల కాగితాల మీద జరిగినంత వాదం నా అచ్చుపుటల మీద ఎన్నడూ జరగలేదు. కోరండుడు బంగారానికి ఆశపడి తలుపు తీశాడని వదిన. అలాంటివాడు కాదని, ఏదో కారణం ఉంటుందని మందాకిని. పప్పు రుబ్బుతూ, బట్టలు ఆరేస్తూ, తలలు దువ్వుకుంటూ ఇదే గొడవ. లేని మనిషి శీలాన్ని గురించి ఇద్దరు ఆడవాళ్ళు అన్నం మానేసిన పూట కూడా ఉంది. ఉన్న మనుషుల గురించి వాళ్ళు అంత శ్రద్ధగా ఎన్నడూ ఆలోచించలేదు.

మందాకినికి మద్రాసులో చిత్రకళ నేర్పే కళాశాలలో చోటు దొరికింది. అన్న ఒప్పుకోడని తెలుసు. తెల్లవారుజామున రైలెక్కి వెళ్ళిపోవాలని నిశ్చయించుకుని, ఆ సంగతి వదిన ఒక్కతెకే చెప్పింది. వదిన అన్నకు చెప్పేసింది. రైలు వెళ్ళిపోయింది, మందాకిని వెళ్ళలేదు. ఆ ఉదయం ఆమె వదినతో అన్నది ఒకే మాట: “కోరండుడివి నువ్వు.” ఎందుకు చెప్పావని మాత్రం అడగలేదు.

ఆనాటి నుంచి ఒక వింత జరిగింది. మందాకిని దృష్టిలో కోరండుడు ద్రోహి అయ్యాడు. ఎవరైనా కదిపితే వదిన మాత్రం, పాపం ఏ కష్టంలో తీశాడో అనడం మొదలుపెట్టింది. నాలో ఒక్క అక్షరం మారలేదు. ఇద్దరూ పక్షాలు మార్చుకున్నారు. పుస్తకాన్ని మనుషులు చదువుతారని అంటారు గాని, వాళ్ళు చదివేది ఏమిటో నాకు ఆనాడే అనుమానం వచ్చింది.

పెళ్ళయి పాలకొల్లు వస్తూ మందాకిని నన్ను వెంట తెచ్చుకుంది. ఆడపిల్లల పాఠశాలలో డ్రాయింగు టీచరైంది. నేను ఇరుగుపొరుగుల చేతుల్లో తిరిగాను. పసుపు మరకలతో ఒకసారి, కొబ్బరినూనె వాసనతో ఒకసారి ఇల్లు చేరాను. ఆమె కొడుకు నన్ను క్యారమ్స్ బల్ల కాలి కింద ఎత్తుగా పెట్టాడు. కోడలు ఒకనాడు పాత కాగితాలవాడి తక్కెడలో కూడా వేసింది. మందాకిని వీధిలోకి పరుగెత్తి తెచ్చుకుంది. తన పెళ్ళినాటి పట్టుచీరను కోడలు పాత్రల వాడికి వేసినప్పుడు ఆమె అలా పరుగెత్తలేదు. నరసాపురంతో రాకపోకలు పెళ్ళిళ్ళకూ చావులకూ మాత్రమే. మాటల్లో ఆ మనిషి ప్రస్తావన వస్తే ‘అన్నయ్య భార్య’ అనేది. వదిన అనేది కాదు. అన్న పోయినప్పుడు కూడా వెళ్ళి, కూర్చుని, వచ్చేసింది.

ఇన్నాళ్ళకు ‘జలమంత్ర దుర్గం’ సినిమాగా వచ్చింది. పత్రిక మూతపడి, నవల పుస్తకంగా రాకుండానే రచయిత పోయాడు. ఆయన కుటుంబం దాచిన రాతప్రతి ఆధారంగా సినిమా తీశారని పేపర్లో రాశారు. అది చదివిన నాటి నుంచి మందాకినికి నిలకడ లేదు. కోరండుడు తలుపు ఎందుకు తీశాడో ఇప్పుడు తేలిపోతుంది. ద్రోహి అని తేలితే తన కోపం నిలబడుతుంది. కాదని తేలితే? వెళ్ళనని మూడు పూటలు ఇంట్లో చెప్పి, నాలుగో పూట నన్ను చేతిసంచిలో పెట్టుకుని ఉదయం ఆటకు ఒంటరిగా వెళ్ళింది.

హాల్లో నన్ను తీసి ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. పక్క సీటులో కూర్చున్న కాలేజీ పిల్ల కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

“పుస్తకం తెచ్చుకున్నారేంటండీ బామ్మగారూ, పరీక్షా?”

“పరీక్షేనమ్మా. నాక్కాదు, తీసినోళ్ళకి.”

పరీక్ష కఠినంగానే మొదలైంది. తెర వెలుగులో ఆమె నా పుటలు తిప్పుతూ సరిచూసింది. హేమంతి చిలుక లేదు, నాలుక చప్పరించింది. ఇద్దరు మాంత్రికులను ఒకడిగా కలిపేశారు, మళ్ళీ చప్పరించింది. అప్పుడు నది అడుగున కోట కనిపించింది. గోడలకు పట్టిన నాచు, పైనుంచి దిగి వచ్చి సగంలోనే అలసిపోయే ఎండ, మాటలు లేని నీళ్ళ నిశ్శబ్దం. ఆమె చేతివేళ్ళు ఆగిపోయాయి. కోరండుడు వచ్చాడు. నాలో అతను నల్లసిరా గీతలు మాత్రమే. తెర మీద ఆ రాతిచెయ్యి గోదావరి రేవులో అడుగుమెట్టు రంగులో ఉంది, ఏళ్ళ తరబడి నీళ్ళు తాకితేగాని రాని రంగు. “ఇదే రంగు,” అన్నది ఆమె తనలో తాను. నన్ను మూసింది.

అసూయ పడ్డావా అని మీరు అడగవచ్చు. సిద్ధపడే వెళ్ళాను. కథ అంటే నేనేనని అంతవరకూ అనుకున్నాను. నా ప్రమేయం లేకుండా అది ఎదురుగా లేచి నిలబడి, నాకంటే నిండుగా ఊపిరి తీస్తోంది. శరీరం వేరు, శరీరి వేరు అని పెద్దలు చెప్పే మాట నా ఎదుట ప్రసంగం లేకుండా రుజువైంది. నేను ఆ కథకు ఒక బస మాత్రమే. అది వేరే ఇంట్లో ఇంత వైభవంగా ఉండటం చూస్తే బాధ కలగలేదు. పెంచిన బిడ్డ పల్లకిలో పోతుంటే పక్కకు జరిగి చూసినట్టుంది.

విరామం తరువాత ఆ ఘట్టం వచ్చింది. తలుపుకు అవతల శత్రువుల భేరీలు. ఇవతల కోటలోకి నీళ్ళు ఊరుతున్నాయి, నెమ్మదిగా, మొదట పసిపిల్లల మోకాళ్ళ దాకా. తలుపు తీయవద్దన్నది ఆజ్ఞ. కోరండుడు వెనక్కు తిరగడు, పిల్లల ఏడుపు వింటాడు. అతని వీపు మాత్రమే చూపించారు. ఒక్క మాట లేదు, పాట లేదు. గడియ మీద చెయ్యి వేశాడు. తీశాడు. కోటలోని నీరంతా ఒక్క పెట్టున బయటికి ఎగిసి శత్రువులను కొట్టుకుపోయింది. దాంతోపాటే జనం నది మీదికి తేలారు. చివరి మనిషి దాటేదాకా అతను రాతిచేత్తో తలుపు రెక్కను ఆపి నిలబడి, అక్కడే మునిగిపోయాడు. దూరంగా పడవలో ఉన్న హేమంతికి కనిపించింది తెరిచిన తలుపు ఒక్కటే. ఇకపై వాడి పేరు తన ఎదుట పలకవద్దని ఆమె అందరినీ ఆజ్ఞాపించింది.

అందుకన్నమాట తరువాతి నా పుటల్లో ఎక్కడా అతని పేరు లేనిది. రచయిత మరచిపోయి కాదు.

ఇది రచయిత రాసిందో, దర్శకుడు కల్పించిందో నేను సాక్ష్యం చెప్పలేను. ఆ వారం నాలో లేదు. కాని అంతకంటే సరిగా ఆ ఖాళీని ఎవరూ నింపలేరని మాత్రం చెప్పగలను. హాల్లో జనం చప్పట్లు కొట్టారు. మందాకిని కొట్టలేదు. సినిమా అయిపోయి దీపాలు వెలిగినా లేవలేదు. కాలేజీ పిల్ల వెళుతూ వెళుతూ అడిగింది: “పాసయ్యారాండీ?”

“వాళ్ళు పాసయ్యారమ్మా,” అన్నది మందాకిని.

హాలు ఊడ్చేవాళ్ళు వచ్చాక లేచింది. బయట ఎండలో నిలబడింది. ఇల్లు కుడివైపు. బస్టాండు ఎడమవైపు. “అడగాలి,” అని పైకే అన్నది. నరసాపురం బస్సు ఎక్కింది.

రేవుకు దగ్గరలో కొడుకు ఇంటి వరండాలో రాజరత్నం నులకమంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చూపు మందగించింది. గుమ్మంలో నీడ పడగానే ఎవరని అడిగింది.

“నేనే వదినా. మందాకినిని.”

ఆమె చేతులు ఆగాయి. “ఎవరు పోయారే?”

“ఎవరూ పోలేదు. సినిమాకెళ్ళి వస్తన్నాను. మనదే.”

రాజరత్నం మంచం మీద చింతపండు పక్కకు జరిపి చోటు చేసింది. కూర్చోమనలేదు. “తలుపెందుకు తీసేడంట?”

“అది తర్వాత. ముందు నువ్వు చెప్పు. ఆ రోజు అన్నయ్యకెందుకు చెప్పేవు?”

నన్ను మంచం మీద పెట్టింది. వదిన తడిమి, అట్టను గుర్తుపట్టి, చెయ్యి నామీదే ఉంచింది.

“నీ మంచికేనని చెప్పొచ్చు. మీ అన్నయ్య అలాగే అనమనేవారు. కాదే. నువ్వెళ్ళిపోతే ఆ ఇంట్లో నాతో మాటాడేవాళ్ళెవరున్నారు? వారం వారం ఎవరికి చదవను? భయమేసింది, చెప్పేశాను. నువ్వు ఉండిపోయేవు. మాటాడ్డం మానేశావు. ఇంక నాకేం మిగిలిందో నువ్వే చెప్పు.”

తెర మీది కోరండుడు పరుల కోసం తలుపు తీశాడు. ఈమె తన కోసం ఒక పిల్ల తలుపు మూయించింది. ద్రోహి అనడానికి ఆ భయం అడ్డు వస్తోంది. వీరురాలనడానికి ఆ నిజం అడ్డు వస్తోంది. ఏ కథకుడూ ఇలాంటి పాత్రను సశేషం దగ్గర ఆపలేడు. మందాకిని లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. ఆమె కూర్చుంది. ఒక చింతపండు తొన తీసుకుని గింజ ఊడదీసింది. మరొకటి తీసింది. కళ్ళు తుడుచుకోబోయి, చేతులకు పులుపు ఉందని ఆగి, భుజంతో తుడుచుకుంది.

“ఆ కోటకి రంగులు నేనెయ్యాల్సింది వదినా,” అన్నది చివరకు.

“తెలుసే.”

మందాకిని ఇంకో గింజ తీసి అడిగింది: “ఇక్కడ ఫస్ట్ షో ఎన్నింటికి?”

“నా మోకాళ్ళు మెట్లెక్కవు.”

“మెట్లు లేని వరసలో కూచుందాం. లే, చీర మార్చుకో.”

“కళ్ళు కూడా సరిగ్గా కనపడవే.”

“నేను చెప్తాను. నువ్విను.”

వదిన చీర మార్చుకునేలోగా మందాకిని వీధిలోకి వెళ్ళి ఆటో పిలుచుకు వచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని గుమ్మం దిగారు. నన్ను తీసుకువెళ్ళాలని ఎవరికీ తోచలేదు. చింతగింజల పక్కన మంచం మీదే ఉండిపోయాను. వదిన ఆటో ఎక్కుతూ కూడా, ఇంతకీ వాడు బతికేడా చచ్చేడా అని సతాయిస్తోంది. చెప్పనంటే చెప్పనంటోంది మందాకిని. ఆటో కదిలింది.